కడిగి వచ్చే క్యారియర్

నాన్న క్యారియర్ ఫ్యాక్టరీ నుంచి కడిగి వచ్చేది. తిన్న కంచం తిన్నచోటే వదిలి లేచే మనిషి, గ్లాసుడు మంచినీళ్లు కూడా తనంతట తాను ముంచుకోని మనిషి, సనత్‌నగర్‌లో కుళాయి దగ్గర కూర్చుని రెండు గిన్నెలూ తోముకొస్తున్నాడంటే నాకు నమ్మబుద్ధి కాలేదు. అమ్మకు మాత్రం ఆ మెరుపు చూస్తే సంబరం. "చూశావా, ఇంత కూడా మిగల్చలేదు" అనేది.

ఎనభైల మొదట్లో మాట ఇది. నాకు పన్నెండేళ్లు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి అమీర్‌పేటలో ఒక వాటాలో అద్దెకుండేవాళ్లం. నాన్న చిన్న ఫ్యాక్టరీలో స్టోర్స్ క్లర్కు. ఆ ఎండాకాలం పంజగుట్ట డాక్టరు ఆయనకు షుగరుందని చెప్పి మధ్యాహ్నం అన్నం మానమన్నాడు. అమ్మ మొహం పాలిపోయింది. మా నాయనమ్మకు షుగర్ వల్లే కాలు తీసేశారు. చివరి రెండేళ్లు ఆమెను ఎత్తి కూర్చోబెట్టింది అమ్మే.

అన్నం కాకపోతే మరేం పెట్టాలి? జొన్నరొట్టె లేనివాళ్ల తిండి అనుకునే ఇల్లు మాది. అది చెయ్యడం నేర్పింది పక్క వాటాలో ఉండే ఖాలా. ఖాలా అంటే ఉర్దూలో పిన్ని. అమ్మ ఆమెను "ఖాలాగారూ" అని పిలిచేది. ఆమె నవ్వి నవ్వి చివరికి అలవాటుపడింది. "నీళ్లు బాగ మసలనియ్యమ్మా. పిండి జర ఆగి పిసుకు, చెయ్యి కాలుతది" అంటూ దగ్గర కూర్చునేది. మొదటి వారం రొట్టెలన్నీ పెనం మీదే ముక్కలయ్యాయి. ఆ ముక్కలు నా పాలపడ్డాయి. తర్వాత అమ్మ చెయ్యి తిరిగింది. రోజూ మూడు రొట్టెలు, బండి మీద ఏ ఆకుకూర చవగ్గా వస్తే ఆ కూర, పల్లీల పొడి.

రెండు నెలల తర్వాత మళ్లీ పరీక్ష చేయిస్తే షుగర్ ఉన్నచోటే ఉంది. "ఏం పెడుతున్నారమ్మా?" అని డాక్టరు అమ్మను అడిగాడు. నాన్న గోడ మీది క్యాలెండర్ చూస్తున్నాడు. ఇంటికొచ్చాక అమ్మ ఖాలా దగ్గర ఏడ్చింది, తన చేతిలోనే ఏదో లోపముందని.

"నీ రొట్టెల ఏం తప్పు లేదు. నేను తిని చూసిన గద" అంది ఖాలా.

మరి తప్పెక్కడుంది? ఆ ప్రశ్న నన్ను నిద్రపోనివ్వలేదు. "ఇవాళ కూరేంటి నాన్నా?" అని అడిగితే "ఎప్పటిదే" అనేవాడు. ఇలా కాదని ఒకరోజు అమ్మ చేత కాకరకాయ కూర చేయించాను. కంచంలో కాకరకాయ కనిపిస్తే ఇల్లు పీకి పందిరేసే మనిషి నాన్న. సాయంత్రం రాగానే కూరెలా ఉందని అడిగాను. "బాగుందే" అన్నాడు. అమ్మ మురిసిపోయింది. నాకు మాత్రం ఆయన ఆ కూర ముట్టనే లేదని తేలిపోయింది.

శనివారం మాకు ఒంటిపూట బడి. ఆ రోజు నాన్న కళ్లజోడు మర్చిపోయి వెళ్లాడు. నిజానికి దాన్ని బియ్యం డబ్బా వెనక దాచింది నేనే. ఇచ్చొస్తానని బస్సెక్కాను.

షెడ్డు పక్క నీడలో నాన్న ఎవరిదో అల్యూమినియం డబ్బాలోంచి తెల్లటి అన్నం, పుల్లటి పప్పు కలుపుకుని తింటున్నాడు. ఎదురుగా లేత్ మెషీన్ మీద పనిచేసే ఒకాయన. అక్కడ అందరూ ఆయన్ని భాయ్ అనేవాళ్లు. ఆయన చేతిలో అమ్మ రొట్టె. నన్ను చూసి నాన్న కుక్కిన పేనులా అయిపోయాడు. భాయ్‌కి మాత్రం ఏమీ తెలియదు.

"రా బేటీ! మీ అమ్మ చేతి రొట్టె తింటుంటే మా అమ్మ యాదికొస్తది. ఆమె పోయినంక మా ఇంట్ల ఎవరికీ చాతకాదు. మీ నాన్నకు జొన్నలు పడవంట, అందుకే డబ్బాలు మార్చుకుంటున్నం" అన్నాడు.

నాన్న కళ్లతోనే బతిమాలుతున్నాడు. నేను ఆగలేదు. "అవి రొట్టెలు కావండీ, మా నాన్న షుగర్‌కి మందు" అన్నాను.

భాయ్ చేతిలో ముక్క చేతిలోనే ఉండిపోయింది. "గీ మాట నాకు జెప్పకపోతివి గద సార్! ఇన్ని దినాల సంది నీ మందు నేను తిన్ననా?" అన్నాడు. ఇంకేమీ తినలేదు. లేచి మా గిన్నెలు కుళాయి దగ్గరికి పట్టుకెళ్లి, పీచు పెట్టి తోమి, మూడుసార్లు కడిగాడు. ఎందుకని అడిగాను. "రోజూ నేనే కడుగుత. మీ ఇంటి గిన్నె గద బేటీ. నా ఎంగిలి మీ అమ్మతోని ఎట్ల కడిగిస్త?" అన్నాడు.

నాన్న పని అయ్యేదాకా అక్కడే ఉన్నాను. తిరుగు బస్సులో నాన్న నా పక్కనే కూర్చున్నాడు. నలుగురిలో జొన్నరొట్టె విప్పాలంటే నామోషీ అన్నాడు. అన్నం తినకపోతే తిన్నట్టుండదన్నాడు. అమ్మకు చెప్పొద్దన్నాడు. "నాయనమ్మ కాలు మర్చిపోయావా?" అన్నాను. 

నా నోట్లో నువ్వుగింజ నానదు. ఆదివారం పొద్దున్నే అమ్మకు చెప్పేశాను. పెద్ద గొడవవుతుందనుకున్నాను. అమ్మ అంతా విని, "ఆ భాయ్ కాకరకాయ కూడా తిన్నాడా, పాపం" అంది. అంతే.

సోమవారం అయిదు రొట్టెలు చేసింది. కింది గిన్నెలో మూడు, పై గిన్నెలో రెండు సర్దింది. "పైది భాయ్‌కివ్వండి" అని నాన్నకు చెప్పింది. నాన్న తలెత్తకుండా క్యారియర్ అందుకున్నాడు.

ఆ సాయంత్రం అమ్మ క్యారియర్ విప్పుతుంటే నేను పక్కనే నిలబడ్డాను. పై గిన్నె తళతళలాడుతోంది. కింది గిన్నె కడగలేదు. అడుగున నూనె జిడ్డు, అంచుకు ఎండి అతుక్కున్న చుక్కకూర, పల్లీల పొడిలో నాన్న వేళ్ల గుర్తులు.

ఎంగిలి తగిలితే చెయ్యి కడుక్కునే మా అమ్మ, ఆ గిన్నెను రెండు చేతులా పట్టుకుని పక్క వాటాకు పరుగెత్తింది.

"ఖాలాగారూ, చూడండి! తిన్నారు!"