ముందుకు పరిగెత్తిన ప్రాసెసర్

ఆసుపత్రిలో అందరికీ ఆమె కంప్యూటరక్క. రక్తపరీక్షల రిపోర్టులు దాచే పెద్ద కంప్యూటర్‌ను పంతొమ్మిదేళ్లుగా కనిపెట్టుకుని ఉంది. కిటికీ లేని గది, ఆగని ఫ్యాన్ల రొద, మోకాళ్ల నొప్పులు. చెప్పిందే పదిసార్లు చెప్పి విసిగిపోయి, ఈమధ్య ఒకసారి చెప్పి ఊరుకోవడం అలవాటు చేసుకుంది.

ఆ కంప్యూటర్‌లో రెండు ప్రాసెసర్లు పని పంచుకునేవి. ఒకటి కాలిపోయింది. అలాంటిదే కావాలని అడిగితే, మేనేజరు అంతకంటే వేగమైనది తెచ్చి బల్లమీద పెట్టాడు.

"పాతరకం దొరకలేదక్కా. ఇదింకా స్పీడు, మంచిదేగా!"

"రెండూ ఒకే స్పీడుండాలి సార్. లేకపోతే ఎక్కడో తేడా కొడుతుంది."

"ఏం కాదులెండి, పెట్టేయండి."

ఇంకోమాట అనే ఓపిక లేక పెట్టేసింది. కంప్యూటర్ బుద్ధిగానే నడిచింది.

నాలుగో రోజు మధ్యాహ్నం నర్సు రెండు కాగితాలతో రొప్పుతూ వచ్చింది.

"అక్కా, ఏడో మంచం తాతకి పొద్దున షుగర్ బాగా ఎక్కువుంది. ఇన్సులిన్ ఇచ్చాక పడిపోయింది. మీ కంప్యూటరేమో పొద్దున రిపోర్టే తాజాదంటోంది! డాక్టరుగారు మళ్లీ ఇన్సులిన్ రాశారు. రెండుసార్లూ రక్తం తీసింది నేనే కాబట్టి సరిపోయింది, లేకపోతే ఇచ్చేసేదాన్ని."

కంప్యూటరక్క రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసింది. విషయం వెంటనే తట్టింది. ప్రతి ప్రాసెసర్ గడియారంలా తన టిక్కులు తాను లెక్కపెట్టుకుంటుంది. కంప్యూటర్ మాత్రం పాతదాని వేగంతోనే రెండింటి టిక్కుల్నీ టైముగా మారుస్తోంది. కొత్తది గబగబా లెక్కపెడుతూ నాలుగు రోజుల్లో గంటల కొద్దీ ముందుకెళ్లిపోయింది. ఏ రిపోర్టు దాని చేతిలో పడితే దానిమీద ఇంకా రాని టైము పడుతోంది. తాత పొద్దున రిపోర్టు దాని చేతిలో, తర్వాతది పాతదాని చేతిలో పడ్డాయి.

కంప్యూటర్ ఆపేసి, రిపోర్టులమీద గోడగడియారం చూసి చేత్తో టైము వేయమని ల్యాబుకు ఫోను చేసింది. కొత్తదాని వేగం పాతదానితో సమానంగా తగ్గిస్తుంటే మేనేజరు వచ్చాడు.

"కొత్తదాన్ని కుంటినడక నడిపిస్తారా?"

"నడిపిస్తాను. మొన్న గట్టిగా చెప్పకపోవడం నా తప్పు. ఇవాళ చెప్తున్నా, మీరు కాదన్నా తగ్గిస్తాను."

ఆమె గొంతు అంత గట్టిగా లేవడం అతను ఎన్నడూ వినలేదు. వెనుదిరిగి వెళ్లిపోయాడు.

సాయంత్రం దాకా నర్సూ ఆమే శాంపిళ్ల రిజిస్టరు ముందేసుకుని నాలుగు రోజుల రిపోర్టులు సరిచూశారు. సగానికి సగం వాటి మీద టైము తప్పు, పదకొండు మందికి పాత రిపోర్టే తాజాదిగా పడింది. అదృష్టం, ఎవరికీ ఏమీ కాలేదు.

ఇంటికి బయల్దేరినదల్లా ఏడో మంచం దగ్గర ఆగింది. ముసలాయన కళ్లు తెరిచాడు.

"ఎవరమ్మా?"

"కంప్యూటర్ చూసుకునేదాన్ని, బాబాయ్."

"నాకా జబ్బు కూడా ఉందంటారా?"

నవ్వబోతే ఏడుపొచ్చింది. స్టూలు లాక్కుని కూలబడింది.

"కాసేపు కూర్చుంటాను బాబాయ్. కాళ్లు లాగేస్తున్నాయి."

"కూర్చో తల్లీ," అని ఆయన మళ్లీ కళ్లు మూసుకున్నాడు.