ఎఫ్రాయిమ్ దాటించిన జలపాతాలు

గయానాలోని మజరూని నదిమీద నా పడవ ఒక్కసారీ బోల్తా పడలేదు. మిషను బడిలో నాలుగో తరగతితో ఆగిపోయిన నన్ను గవర్నరు మనుషులు కూడా "కెప్టెన్ అడోనిస్" అని గౌరవంగా పిలిచేవారు. ఆ మంచిపేరులో సగం ఎఫ్రాయిమ్‌ది. పడవ ముందు కొసన నిలబడి, నీటి రంగు చూసి, ఏ రాయి ఎక్కడ దాగుందో చెప్పేవాడు. వాడు తెడ్డు వేస్తే ఎంత పెద్ద పడవైనా మాట వినేది. వాడికి నది దిగువన బార్టికా ఊళ్ళో తల్లి తప్ప ఎవరూ లేరు.

బంగారు గనుల దగ్గర రమ్ము తాగి గొడవపడ్డ రాత్రి, ఒక మనిషి ఎఫ్రాయిమ్ కత్తికి చచ్చాడు. విచారణ జడ్జి హోల్‌రాయిడ్ దొర చేతికి వచ్చింది. ఆఫ్రికాలో, సైప్రస్‌లో తీర్పులు చెప్పి మా గయానాకు వచ్చినవాడు. హత్య జరిగిన చోటు తానే చూడాలన్నాడు. ఆయన్నీ, జ్యూరీనీ, సంకెళ్ళతో ఎఫ్రాయిమ్‌నీ నా పడవలోనే తీసుకువెళ్ళాను.

తిరిగి వస్తుంటే, రాళ్ళ మధ్య మెట్లుమెట్లుగా దూకే జలపాతాలకు ఇంకా పైనే, ఎఫ్రాయిమ్ బదులు ముందు కొసన కొత్తగా పెట్టుకున్న మనిషి జ్వరంతో పడిపోయాడు. నది పొంగి ఉంది.

"దొరగారూ, వీడి సంకెళ్ళు తీయించండి. లేకపోతే అందరం చేపలకు కూడే," అన్నాను.

"పారిపోతే?"

ఎఫ్రాయిమ్ నవ్వాడు. "ఎక్కడికి దొరా? మా అమ్మ వండిన పెప్పర్‌పాట్ మాంసం కూర కుండ కింద ఊళ్ళోనే ఉంది."

వాడు మమ్మల్ని కిందికి చేర్చాడు. జడ్జి బూట్లు కూడా తడవలేదు. మళ్ళీ సంకెళ్ళు వేశాక, ఆయన తన చుట్ట వెలిగించి వాడి నోట పెట్టాడు. అది చూసి వాడు బతుకుతాడనుకున్నాను.

జ్యూరీ నేరం రుజువైందంది, దయ చూపమని కూడా అడిగింది. జడ్జి ఉరిశిక్ష వేశాడు. ఇక మిగిలింది గవర్నరు క్షమాభిక్ష. దానికి జడ్జి ఒక మాట చెప్పాలి. ఎఫ్రాయిమ్ తల్లిని వెంటబెట్టుకుని ఆయన బంగళాకు వెళ్ళాను.

"దొరగారూ, ఆ రోజు మిమ్మల్ని దాటించింది వాడే."

"తెలుసు కెప్టెన్. కానీ నదిమీద జరిగింది సాక్ష్యంలోకి రాదు."

"మీరు ప్రాణాలతో వచ్చారుగా బాబూ," అంది ఆ తల్లి. "అదే సాక్ష్యం."

ఆయన లోపలికి వెళ్ళిపోయాడు.

ఎఫ్రాయిమ్‌ని ఉరి తీశారు. హోల్‌రాయిడ్ ఒక దీవికి ప్రధాన న్యాయమూర్తి అయ్యాడు. ఓడ ఎక్కేముందు పదిమందిలో నా చెయ్యి పట్టుకుని, "ఈయన పడవలో నాకెప్పుడూ భయం వెయ్యలేదు," అన్నాడు.

ఆ తర్వాత కూడా నా పడవ బోల్తా పడలేదు. జలపాతాలు రాకముందే అందరినీ ఒడ్డున దింపి నడిపించేవాణ్ణి. ఖాళీ పడవను తాళ్ళు కట్టి దించేవాణ్ణి. ముందు కొసన మాత్రం ఎవరినీ నిలబెట్టలేదు.