దుర్గవ్వ ఎర్ర కారు

సిద్దిపేటలో పాత బస్టాండు దాటి సందులోకి తిరిగి, కార్ల దుర్గవ్వ ఇల్లేదని ఎవరినడిగినా చూపిస్తారు. చూపించే ముందు ఒకసారి నవ్వుతారు. ఆ నవ్వు సంగతి దుర్గవ్వకు తెలుసు, నవ్వేవాళ్ళ పేర్లూ తెలుసు. వాళ్ళందరి జాకెట్లూ కుట్టేది ఆమే కదా!

ముందర గదిలో ఒక పక్క కుట్టుమిషను, మిగతా పక్కలన్నీ నేల నుంచి కప్పుదాకా చెక్క అరలు. ఆ అరల నిండా కార్లు. నిజం కార్లు కావు, బ్యాటరీలు వేస్తే నడిచే పాతకాలపు బొమ్మలు. జపాన్ ముద్ర ఉన్న రేకు జీపు, కూత పెట్టే పోలీసు బండి, నిచ్చెన లేపే ఫైరింజను, తల తిప్పి చూసే డ్రైవరున్న టాక్సీ. గోడకేమో ఏపీ 23 అని రాసిన పాత నెంబరు ప్లేట్లు, రబ్బరు బుడ్డ నొక్కితే బర్రెలా అరిచే లారీ హారను, ఏ అంబాసిడర్ ముక్కు మీద నుంచో ఊడిన బిళ్ళ. మొగుడు ప్రభాకర్ భీవండి మగ్గాల దగ్గర సగం వయసు పోగొట్టుకుని వచ్చిన మనిషి. నోరు మాత్రం పోగొట్టుకోలేదు. "మా ఇంట్ల కార్లకు లెక్క లేదు. ఎక్కి పోదామంటే ఒక్కటి లేదు," అంటాడు వచ్చినవాళ్ళందరితో.

ఇవన్నీ ఒక ఎత్తు, నడిమి అరలో ఉండే ఎర్ర కారు ఒక్కటీ ఒక ఎత్తు. దేనికైనా ఊరుకుంటుంది కానీ ఆ కారు జోలికొస్తే దుర్గవ్వ ఊరుకోదు. మొన్న దసరాకు ఆ కారు తీసుకుపోతానని వచ్చింది ఎవరో కాదు, సొంత అన్న.

ఆ కారు కథ తెలియాలంటే వెనక్కి పోవాలి. వాళ్ళ నాయిన దుబ్బయ్య మగ్గం అమ్ముకుని దుబాయ్ పోయినవాడు. కొడుక్కి రాజేంద్రప్రసాద్ అని నోరు తిరగని పేరు పెట్టి, కూతురికి ఊరమ్మ పేరు పెట్టి సరిపెట్టాడు. మొదటి సెలవుకు వచ్చినప్పుడు కొడుక్కి ఎర్ర కారు తెచ్చాడు, కూతురికి రెండు రిబ్బన్లు తెచ్చాడు. నెత్తిన లైటు వెలుగుతూ నడిచే కారది. గోడకు గుద్దుకుంటే ఆగదు, తనంతట తానే పక్కకు తిరిగి మళ్ళీ పోతుంది. వాడంతా చూడ్డానికి వచ్చింది. చూడ్డం అయ్యాక దుబ్బయ్య దాన్ని అద్దాల షోకేసులో పెట్టి తాళం వేశాడు. అప్పట్లో దుబాయ్ పోయొచ్చిన ప్రతి ఇంట్లోనూ అదే ఆచారం. బొమ్మ పిల్లల కోసం కాదు, చుట్టాల కోసం.

దసరాకు సెలవు మీద వచ్చినప్పుడల్లా మాత్రం షోకేసు తెరిచి కారుకు బొట్టు పెట్టేవాడు. ఆ రోజు బండ్లన్నిటికీ పూజ కదా! వాడలో సైకిలు దగ్గర నుంచి లారీదాకా అన్నిటినీ కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, దండలు వేసి, టైర్ల కింద నిమ్మకాయలు పెడతారు. చిన్న దుర్గవ్వ అదంతా చూసింది. అందరి బండ్లకూ స్నానాలై, మన కారుకే కాకపోతే ఎట్లా అనుకుంది. నాయిన బొట్టు కోసం అద్దం తీసి పూల కోసం బయటికి పోయిన సందు చూసుకుని కారును బకెట్లో ముంచి, చింతపండు వేసి, ఇత్తడి చెంబును తోమినట్టు శుభ్రంగా తోమింది. పాపం, ఎంత భక్తిగా తోమిందో! కారు చచ్చింది. నాయిన చెంప పగలగొట్టాడు. "ఆడిపిల్లవు, నీకెందుకే కారు!" అన్నాడు. దెబ్బ ఆ సాయంత్రానికే తగ్గిపోయింది. మాట తగ్గలేదు.

చచ్చిన కారును మళ్ళీ షోకేసులో పెట్టి తాళం వేశారు. అది నడవదన్న సంగతి ఏ చుట్టానికీ తెలియలేదు. ఎవరు నడిపించి చూశారు గనక?

నాయిన పోయాక అన్న పాత ఇల్లు కూలగొట్టి, దుకాణాలకు అద్దెకిచ్చే మడిగెలు కట్టించాడు. షోకేసు, దానిలోని సామాను మొత్తం పాతసామాను బండికెత్తాడు. దుర్గవ్వ బండి వెనక ఉరికి, ఆ ఎర్ర కారును చేతిలోకి తీసుకుంది. ఇంటికి తెచ్చి మరలు విప్పింది. లోపల పట్టిన చిలుమును నిమ్మరసంతో కడిగి, మిషను నూనె పోసి, ఇంకో విరిగిన బొమ్మలోని మోటారు తీసి పెట్టింది. స్విచ్చి వేస్తే లైటు వెలిగింది. కారు పోయి గోడకు గుద్దుకుంది. తిరిగింది. దుర్గవ్వ నేల మీద కూర్చుని ఏడ్చింది. ఏడుపయ్యాక ఒక పంతం పట్టింది. దుబాయ్ బొమ్మ ఎక్కడ తాళంలో ఉన్నా బయటికి తేవాలి.

అప్పటి నుంచి జాకెట్లు ఇవ్వడానికి ఏ ఇంటికి పోయినా ఒకటే ప్రశ్న. "మీ సజ్జ మీద దుబాయ్ బొమ్మలేమన్న ఉన్నయా?" ఉంటే కుట్టుకూలి వద్దు, బొమ్మ ఇస్తే చాలు. కుకునూరుపల్లి నుంచి కొన్ని వచ్చాయి, గజ్వేల్ నుంచి కొన్ని. "పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టున్రి," అన్నారు వాడలోని వదినలు. అననీ! పాత బొమ్మలు కూడబెట్టే పెద్దమనిషి ఒకాయన హైదరాబాదు నుంచి వచ్చి, అరలన్నీ చూసి, "వీటిలో బ్యాటరీలు వేయకండమ్మా, గీతలు పడితే విలువ పోతుంది," అని మంచి చెప్పబోయాడు. "నడవని కారుకు ఇలువెక్కడిది సారూ?" అని దుర్గవ్వ ఆయనకు చాయ్ పోసి పంపింది.

ఏటా దసరానాడు వాటన్నిటికీ పూజ చేస్తుంది. నీళ్ళు తగలనివ్వదు, పొడిబట్టతో తుడిచి బొట్లు పెడుతుంది. తర్వాత వాకిట్లో దింపి వాడపిల్లలందరి చేతా నడిపిస్తుంది. వరసలో నిలబడాలి, ఆడపిల్లలు ముందు. మగపిల్లల తల్లులు మొదట్లో గునిశారు. దుర్గవ్వ వినలేదు.

మొన్న దసరాకు వరస సందు మలుపుదాకా ఉంది. అప్పుడు వచ్చి ఆగింది రాజేంద్రప్రసాద్ కొత్త కారు, ముందు బంతిపూల దండతో. పట్టుపంచె కట్టుకుని, మనవరాలు దీక్షితను వేలు పట్టుకుని దిగాడు. కరీంనగర్ రోడ్డు మీద పాత కార్లమ్మే షోరూం తెరుస్తున్నాడు.

"చెల్లె, గా ఎర్ర కారియ్యి. షోరూంల అద్దాల పెట్టె చేపిచ్చిన. నాయిన ఫోటో కింద పెట్టి లైటేస్త. ఎవ్వలు ముట్టకుంట తాళమేస్త."

తాళం అనే మాట వినగానే దుర్గవ్వకు ఒళ్ళు మండింది.

"ఇయ్య," అంది.

"ఇయ్యవా? నాయిన నాకు తెచ్చిన కారే అది!"

"నీకే తెచ్చిండు, కాదన్ననా? పాతసామాన్ల బండికెత్తింది గూడ నువ్వే."

"అప్పుడు తెల్వలే. ఇగ చాలు తియ్యి. నెత్తి తెల్లవడ్డది, బొమ్మలతోని ఆటలేంది? చుట్టాలల్ల సిగ్గువోతున్నది."

"ఔ మల్ల! నీ షోరూంకు బొమ్మ గావాలె, నాకు మాత్రం సిగ్గు గావాలెనా?"

వరసలోని పిల్లలు కిసుక్కుమన్నారు. ప్రభాకర్ తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ఈ లోపల దీక్షిత తాత వేలు వదిలి, వాకిట్లో దింపిన ఎర్ర కారు మీద చెయ్యి వేసింది.

"ఏయ్, ముట్టకు!" రాజేంద్రప్రసాద్ గద్దించాడు. "ఆడిపిల్లవు, నీకెందుకే కారు!"

అదే మాట. అదే గొంతు. నాయిన లేచి వచ్చినట్టే ఉంది. దీక్షిత చెయ్యి వెనక్కి తీసుకుంది. దుర్గవ్వ ఆ చెయ్యి పట్టుకుని మళ్ళీ కారు మీద పెట్టింది.

"ముట్టు బిడ్డా. గీ ఇంట్ల ముట్టొద్దనేటోళ్ళు లేరు. ఇగో, కింద స్విచ్చి."

కారు నెత్తి మీది లైటు వెలిగింది. గర్రుమంటూ వాకిలి దాటి, సందులోకి పోయి, సరిగ్గా పోయి పోయి రాజేంద్రప్రసాద్ కొత్త కారు టైరుకు గుద్దుకుంది. గుద్దుకుని తిరిగింది. దీక్షిత చప్పట్లు కొడుతూ దాని వెనక ఉరికింది. పిల్లలంతా ఒక్కటే లొల్లి.

రాజేంద్రప్రసాద్ ఆ కారునే చూస్తున్నాడు.

"అన్నా," అంది దుర్గవ్వ, "నువ్వెప్పుడన్న ఆడినవా దీనితోని?"

"ఎక్కడ! తాళంచెవి నాయిన మొలతాడుకుండె," అన్నాడు రాజేంద్రప్రసాద్. "ఒక్కపారి గూడ చేతికియ్యలే."

కారు మళ్ళీ వాకిట్లోకి వచ్చింది. ఆయన వంగి చెయ్యి చాపాడు. "స్విచ్చి ఏడున్నదే? ఒక్కపారి నేనేస్త."

దుర్గవ్వ కారును చటుక్కున పైకెత్తి చంకన పెట్టుకుంది. అన్న మీద జాలి కలిగింది, అది నిజమే. జాలి వేరు, వరస కాయిదా వేరు.

"గట్ల గాదు. లైన్ల నిలవడు."

"ఏందీ?"

"ఆడిపిల్లలయినంకనే మొగోళ్ళు. గిది నా ఇల్లు, నా కార్లు."

వాడంతా చూస్తోంది. రాజేంద్రప్రసాద్ కొత్త కారు వైపు చూశాడు, చెల్లెలి చంకలోని ఎర్ర కారు వైపు చూశాడు. పట్టుపంచె పైకి దోపుకుని, సందు మలుపుదాకా నడిచిపోయి, పిల్లలందరి వెనకా నిలబడ్డాడు. ముందున్న పిల్లవాడు తూలి, వెనక్కి తిరిగి, "నూకకు తాతా," అన్నాడు.