వంగని కారు

షెడ్డులో ఆయన్ని అందరూ చెవుల మేస్త్రీ అంటారు. రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో, రెండో కొస కార్బురేటర్ మూతి దగ్గర పెట్టుకుని, నాలుగు సిలిండర్లూ ఒక్కలాగే గాలి పీలుస్తున్నాయో లేదో చెప్పేస్తాడు. ఇరవై ఎనిమిదేళ్లు మోటార్ సైకిళ్లు బాగుచేశాడు. పోయినేడు ఒక యజమాని, రేసు కారులో మోటార్ సైకిల్ ఇంజను పెట్టి నడిపిద్దామని పిలిస్తే, సొంత దుకాణం ఎత్తేసి వచ్చాడు. ఇప్పుడా గదిలో జిరాక్సు మెషీన్లున్నాయి.

కారు చిన్నది, ఒక్కడే పట్టేది. చట్రం కట్టింది వెల్డరు. నడిపేది మేస్త్రీ బామ్మర్ది. మొదటి ఇంజను రెండు నెలల కిందటి పందెంలో ఏడో చుట్టులోనే, పొడవాటి కుడి మలుపు తిరుగుతూ పట్టేసి ఆగిపోయింది. యజమాని కేకలేమీ వేయలేదు.

"ఇంకొకటి తెప్పిస్తా. అదీ పోతే కారు ఇంజనుకి మారిపోదాం. దాన్ని చూసుకోడానికి కంపెనీ మనిషే వస్తాడు" అన్నాడు.

అందులో తన చోటు ఎక్కడుందో మేస్త్రీకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

పోయిన ఇంజను విప్పితే బేరింగులు అరిగి రేకుల్లా ఊడొచ్చాయి. స్పార్క్ ప్లగ్గుల్లో రెండు తెల్లబడి ఉన్నాయి. ప్లగ్గు తెల్లబడిందంటే పెట్రోలు చాలక ఇంజను వేడెక్కిందని లెక్క. మేస్త్రీ అక్కడే ఆగిపోయాడు. తప్పు తనకు బాగా తెలిసిన చోట దొరికితే ఎవరికైనా ధైర్యంగానే ఉంటుంది.

వెల్డరు మాత్రం ఇంజను అడుగున ఉండే నూనె తొట్టిని తిరగేసి చూస్తూ కూర్చున్నాడు.

"అన్నా, ఇందులో అడ్డంగా రెండు రేకులు వేస్తా. నూనె పక్కకి పోకుండా ఆపుతాయి."

"గదులు కడతావా? వంటిల్లు ఎటు పెడుతున్నావ్?"

"నవ్వకు. కార్లలో వేస్తారు."

"ఇది బండి ఇంజనురా. ఇన్నేళ్లలో ఎన్ని విప్పాను? ఒక్కదాంట్లో రేకు కనబడిందా?"

కనబడలేదు. అది నిజమే.

మేస్త్రీ మూడు వారాలు రెండో ఇంజనుతోనే కాపురం చేశాడు. పెట్రోలు పారే జెట్లు ఒక్కో సైజూ మార్చి, నడిపించి, ప్లగ్గు ఊడదీసి రంగు చూసి, మళ్లీ మార్చాడు. చివరికి నాలుగు ప్లగ్గులూ బిస్కెట్ రంగుకి వచ్చాయి, పెట్రోలు సరిగ్గా అందుతోందన్న గుర్తు. చప్పుడు వింటే గుడ్డ చింపినట్టు, ఎక్కడా తడబాటు లేదు.

ఇంట్లో భార్య అడిగింది. "ఈసారి ఆ మలుపు దాటుతుందా?"

"మలుపుకీ ఇంజనుకీ ఏం సంబంధమే?"

పందేనికి ముందురోజు కారు నడిపి చూసి వచ్చి బామ్మర్ది హెల్మెట్ తీస్తూ, "బావా, కుడి మలుపులో నూనె దీపం ఒక్కసారి మినుక్కుమంది" అన్నాడు.

ఇంజనుకి నూనె అందకపోతే వెలిగే దీపమది. నూనె కొలిచి చూశాడు మేస్త్రీ. గీత మీదే ఉంది. దీపం వైరు పట్టి ఊపితే కాస్త వదులుగా అనిపించింది. బిగించేశాడు.

పందెంలో తొమ్మిదో చుట్టుకల్లా కారు మూడో స్థానంలోకి వచ్చింది. పదో చుట్టులో అదే మలుపు దగ్గర తెల్లటి పొగ లేచింది. ఇంజను పక్క పగిలి లోపలి రాడ్డు బయటికి పొడుచుకొచ్చింది.

మర్నాడు పొద్దున్నే కిందనుంచి తొట్టి విప్పాడు. నూనె కొరతేమీ లేదు, బేరింగులు మాత్రం మాడి నల్లబడ్డాయి. నూనె ఉన్న తొట్టి ఒళ్లో పెట్టుకుని చటుక్కున పక్కకి జరిపి చూశాడు. మలుపులో మోటార్ సైకిల్ వంగుతుంది. బండితోపాటే తొట్టీ వంగుతుంది, నూనె అడుగునే ఉంటుంది. కారు వంగదు. మలుపు విసురుకి నూనెంతా పక్కగోడకి ఎగబాకుతుంది, పంపు గాలి తాగుతుంది. వంగే బండ్ల మధ్య ఇన్నేళ్లు బతికినవాడికి అది తట్టలేదు. దీపం చెప్పినా వైరు బిగించాడు.

మధ్యాహ్నం యజమాని వచ్చాడు. "పార్టులు నాసిరకం అంటావా?" అని తనే దారి చూపించాడు.

"కాదండీ. పార్టులు మంచివే. తప్పు నాది." మేస్త్రీ చేతుల్తో తొట్టిని ఒరిగించి చూపిస్తూ అంతా చెప్పాడు. "రెండు రేకులండీ. సగం రోజు పని. ఇంకొక్క ఇంజను..."

యజమాని ఓపిగ్గానే విన్నాడు. "కంపెనీతో మాట్లాడేశాను మేస్త్రీ. సోమవారం కారు ఇంజను వస్తోంది. ఈలోగా ఇది దింపేసి చోటు ఖాళీ చెయ్యి."

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నావని వెల్డరు అనొచ్చు. అనలేదు. ఆ మర్యాదకి మేస్త్రీ తల ఎత్తలేకపోయాడు.

"నేనూ మానేస్తా బావా" అన్నాడు బామ్మర్ది.

"ఎందుకు? ఇద్దరం ఇంట్లో కూర్చుంటే మీ అక్క, ముందు ఎవర్ని తిట్టాలో తెలీక చస్తుంది."

మేస్త్రీ ఆఖరి బోల్టు ఊడదీశాడు. ఇంజను చట్రంలోంచి కదిలింది గానీ ఒక్కడి చేత లేవలేదు.

"నువ్వు అటు పట్టుకో" అన్నాడు వెల్డరు వైపు తిరిగి.