సైకిల్ పంపు పాఠం

రేపల్లె నుంచి తెనాలి వెళ్లే పొద్దుటి రైల్లో అక్క నాకోసం కిటికీ పక్క సీటు ఆపేది. సొంత అక్క కాదు. తెనాలిలో ఒకే ఇంటర్ కాలేజీలో పాఠాలు చెప్పేవాళ్లం. నాది ఫిజిక్స్, ఆవిడది కెమిస్ట్రీ. నా క్యారేజీలో గోంగూర ఆవిడకి, ఆవిడ చేపల పులుసు నాకు. అలా ఏళ్లు గడిచాయి.

మా రెండు సబ్జెక్టులకీ ఒక పాత తగాదా ఉంది. వాయువు వ్యాకోచించి పిస్టన్‌ని తోస్తే, ఆ పనికి ఫిజిక్స్ పుస్తకం ప్లస్ గుర్తు పెడుతుంది, కెమిస్ట్రీ పుస్తకం మైనస్ పెడుతుంది. వాయువు చేసిన పనిని మేం లెక్కిస్తాం, వాయువు మీద జరిగిన పనిని వాళ్లు లెక్కిస్తారు. రెండూ ఒప్పే. కానీ ఒక పీరియడ్‌లో ప్లస్, పక్క పీరియడ్‌లో మైనస్ అంటే పిల్లలకి తల తిరగదూ? అందుకని ఏటా ఇద్దరం కలిసి ఒక క్లాసు తీసుకునేవాళ్లం. సైకిల్ పంపు మూతిని అక్క బొటనవేలితో మూసేది. నేను పిడిని లోపలికి నొక్కి వదిలేదాన్ని. లోపల నలిగిన గాలి పిడిని వెనక్కి తోసేది.

"గాలి పని చేసింది, ప్లస్," అనేదాన్ని నేను.

"ఆ పనికి తన శక్తి ఖర్చుపెట్టుకుంది, మైనస్," అనేది అక్క.

పిల్లలు నవ్వేవాళ్లు. ఆ తర్వాత ఎవరికీ అనుమానం ఉండేది కాదు.

పోయినేడు మా కాలేజీ వాళ్లు బాపట్లలో బ్రాంచి పెట్టారు. మా ఇద్దరిలో ఒకరిని అక్కడికి ప్రిన్సిపాల్‌గా పంపుతారని తెలిసింది. సరిగ్గా అప్పుడే, పంపు క్లాసు నాడు రాని ఒకమ్మాయి తండ్రి ఫిజిక్స్ పరీక్ష పేపరు పట్టుకుని కరస్పాండెంట్ గారి మీదికి వచ్చాడు. కెమిస్ట్రీ మేడం చెప్పినట్టే మైనస్ అని రాస్తే, ఫిజిక్స్ మేడం సున్నా వేసిందని గొడవ.

కరస్పాండెంట్ గారు ఇద్దరినీ పిలిచారు. నాకేం భయం, పక్కన అక్క ఉందిగా! "మీరే చెప్పండక్కా," అన్నాను. ఆవిడ కొంగు సర్దుకుంటూ, "నాకు తెలీదండి. మా పుస్తకంలో మైనస్ అనే ఉంది," అంది.

పుస్తకంలో అలాగే ఉంది మరి, అందుకే నా ఒళ్లు మరింత మండింది. ఆపైన నేనెంత మొత్తుకున్నా తప్పు కప్పిపుచ్చుకుంటున్నట్టే కనిపించింది. క్లాసులు తీసేసి నన్ను ల్యాబ్‌లో కూర్చోబెట్టారు. బాపట్ల అక్కకి దక్కింది. వెళుతున్నానని మాటమాత్రమైనా చెప్పలేదు. ఒకరోజు రైల్లో నా కిటికీ సీటులో ఇంకెవరో కూర్చుని ఉంటే నాకు అర్థమైంది. నమ్మించి గొంతు కోసిందని ఇంట్లో అందరూ తిడితే మాత్రం ఎందుకో ఏడుపొచ్చింది.

మొన్న అక్క ఫోన్ చేసింది.

"ఏమే, బాగున్నావా? ఇక్కడి పిల్లలు ప్లస్సా మైనస్సా అని చంపుకు తింటున్నారు. మా ఫిజిక్స్ సారేమో కసురుకుంటాడు. ఆదివారం ఆ పంపు పట్టుకుని రారాదూ? ఇద్దరం కలిసి చెప్పేసి, సాయంత్రం సూర్యలంక బీచికి వెళ్లొద్దాం."

ఆ గొంతులో రవ్వంత సిగ్గు కూడా లేదు. పంపు నా ఎదురుగా, ల్యాబ్ బల్ల మీదే ఉంది.

"నాకు తెలీదక్కా," అన్నాను. "మా పుస్తకంలో ప్లస్ అనే ఉంది."