వాయ్‌సెలా ఊళ్ళో ప్రార్థన చేసి మూసిన కొబ్బరితోట

ఈ ప్రయాణం నాకోసం పెట్టుకున్నది కాదు. కువైట్‌లోని ఎగైలాలో ఒక ఇంట్లో వంట చేసే రత్నమ్మది రాజోలు దగ్గర ఊరు. పదకొండేళ్ళ పని ముగించుకుని ఈ వేసవిలో ఇంటికి వెళ్ళిపోతోంది. అదే ఇంట్లో పిల్లల్ని చూసుకునే యోహానాది ఇండోనేషియా, మలుకు దీవుల్లో వాయ్‌సెలా అనే చిన్న పల్లె. అక్కడ సముద్రం ఒడ్డున యోహానా తమ్ముడు పర్యాటకులకు నాలుగు గదుల బస కట్టాలనుకుంటున్నాడు. రత్నమ్మ పెట్టుబడి పెడితే సగం వాటా, కాగితం మీద ఆమె పేరు కూడా. అబూ హలీఫాలో మా ఫ్లాట్‌లో మన తెలుగు క్రైస్తవుల శుక్రవారం ప్రార్థన అయ్యాక అందరూ చెప్పులు వేసుకుంటుంటే రత్నమ్మ నన్ను ఆపింది.

“బ్రదర్ గారండీ, ఉన్నదంతా ఒక్కచోట పొయ్యాలంటే గుండె దడదడలాడతందండి. మీరెళ్ళి చూసి సరేనంటే పంపేత్తాను. కాదంటే ఖలాస్, ఆ మాటే ఎత్తను.”

నేను సబ్హాన్‌లో ఒక గోదాములో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాను. లేఖనాలు సొంతంగా చదువుకుని వాక్యం చెబుతాను తప్ప ఏ వేదాంత కళాశాల మెట్లూ ఎక్కలేదు. వాగ్దాన దేశాన్ని వేగు చూడ్డానికి పన్నెండుమంది వెళితే, పదిమంది పిరికి కబురు తెచ్చారని ఎన్నిసార్లు గొంతు చించుకుని ఉంటాను! ఇప్పుడు వేగు చూసే పని నా మీదే పడింది. సెలవులో పది రోజులు దీనికే తీసేశాను.

దారి చెబుతాను, రాసుకోండి. కువైట్ నుంచి గల్ఫ్‌లోనే ఒకచోట విమానం మారి జకార్తా చేరాలి. మన పాస్‌పోర్టుకు అక్కడ దిగాక వీసా ఇస్తారు, సుమారు పది దీనార్లు. తిరిగి రావాలంటే ఇఖామాకు, అంటే కువైట్ నివాస అనుమతికి, గడువు ఉండాలి, అది ముందే చూసుకోండి. జకార్తాలో రాత్రి విమానం ఎక్కితే తెల్లవారి ఏడింటికి అంబోన్‌లో ఉంటారు. శనివారం నేను దిగేసరికి యోహానా తమ్ముడు మార్కుస్ కారుతో నిలబడి ఉన్నాడు. అతను నాలుగేళ్ళు కువైట్‌లో పనిచేసినవాడే. తునకలు తునకలుగా ఇంగ్లీషు, మధ్యలో గల్ఫ్ మాటలు కలిపి మాట్లాడతాడు. తులేహు రేవుకు గంటకు పైగా పట్టింది, కారుకు ఆరు దీనార్లు. అక్కణ్ణుంచి స్పీడుబోటుకు మనిషికి రెండు దీనార్లు. కానీ బోటు నిండితేనే కదులుతుంది. నేను రేవు మీద ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు తిరుగుతూనే ఉన్నాను.

“కూర్చో బ్రదర్,” అన్నాడు మార్కుస్. “నువ్వు నడిచినంత మాత్రాన బోటు నడవదు.”

“ఎప్పుడు కదులుతుందో అడుగు.”

“అడిగాను. కదిలినప్పుడు కదులుతుందన్నాడు.”

గంటన్నర కూర్చోబెట్టారు. మధ్యాహ్నానికి ఊరు చేరాం. వంద గడప కూడా ఉండదు. రేకుల కప్పులు, మధ్యలో తెల్లటి చర్చి, దారి పొడుగునా చాపల మీద ఎండుతున్న లవంగాలు. ఆ ఘాటు ముక్కులోకి, బట్టల్లోకి ఎక్కి కూర్చుంటుంది. మార్కుస్ ఇంట్లో గది, మూడు పూటలా తిండి కలిపి రోజుకు ఆరు దీనార్లు. అతని భార్య పొగబెట్టిన చేపతో పాటు జిగురుజిగురుగా సాగే సగ్గుపిండి ముద్ద పెట్టింది. నేను నమలబోతే పకపకా నవ్వి, నమలకూడదు, మింగాలని గొంతు మీద వేలు పెట్టి చూపించింది. నిజంగా మంచి తిండి. చెయ్యి కడిగీ కడగకముందే లేచి, “యల్లా, పద, స్థలం చూపించు,” అన్నాను.

స్థలం చూస్తే మనసు జారిపోయింది. అడుగు కనబడే నీళ్ళు, తెల్లటి ఇసుక, పక్కనే మంచినీళ్ళ ఊట. ఇంకెవరినైనా అడగాలని నాకు తోచలేదు. తోచనిచ్చేంత తీరిక నేనే ఇచ్చుకోలేదు. నా సిమ్‌కు సిగ్నల్ రేవు చివరనే దొరికేది. అక్కడికి పోయి రత్నమ్మకు ఫోన్ చేశాను.

“పంపెయ్యమ్మా. స్థలం బంగారం.”

“రేపు పిల్లలు బడికెళ్ళాకా మా ఇంటి యజమానురాలు మామా సరుకులకి తీసుకెళ్తాదండి. దారిలో పంపేత్తాను. దేవుడికి స్తోత్రమండి.”

తిరిగి వస్తుంటే ఎండకు నాలుక పిడచగట్టింది. కొబ్బరితోటలో కొన్ని చెట్ల మొదళ్ళకు లేత కొబ్బరాకులు అల్లి కట్టి ఉన్నాయి. మట్టల ఆదివారం నాటి మట్టలు ఇంకా తీయలేదేమో అనుకున్నాను. మనవైపు గుళ్ళకు కడతాం కదా! ఒక చెట్టు కింద పడి ఉన్న కాయ తీసుకుని, మార్కుస్ వెనక నుంచి అరుస్తున్నా వినకుండా, రాతి మీద కొట్టి నీళ్ళు తాగేశాను.

తోట చివరి ఇంట్లోంచి ఒక ముసలావిడ వచ్చింది. ఊళ్ళో అందరూ ఆమెను ఓమా అంటారు, మనం అమ్మమ్మా అన్నట్టు. ఆమె చర్చి పెద్ద, ఆ తోటకు కాపలా కూడా ఆమెదే. ఆమె మాటలు మార్కుస్ నాకు అర్థమయ్యేలా చెప్పాడు. ఆ తోటను చర్చిలో ప్రార్థన చేసి మూశారు. దీన్ని సాసి అంటారు. మళ్ళీ ప్రార్థన చేసి తెరిచేదాకా ఎవరూ ఒక్క కాయ ముట్టరు. తెరిచిన రోజున ఊరంతా కలిసి కోసుకుంటుంది. ఆ ఆకులే దానికి గుర్తు.

“నేను కోయలేదు, కింద పడింది తీసుకున్నాను,” అన్నాను.

“పడినా మూసిందే,” అంది ఓమా.

“జరిమానా ఎంతో అడుగు మార్కుస్, ఇచ్చేస్తాను.”

అది విని ఆమె నవ్వింది. “మీ దేవుడు జరిమానాలు పుచ్చుకుని ఊరుకుంటాడా అయ్యా? రేపు ఆ చిప్పలు పట్టుకుని చర్చిలో నిలబడు. నీ పేరు చెప్పు. ఏం చేశావో, మా ఊరికి ఎందుకొచ్చావో చెప్పు. అంతే.”

ఆదివారం తొలి బోటుకే పోదామనుకున్నాను. ఆరాధన అయ్యేదాకా అసలు బోటే లేదన్నారు. తొమ్మిదింటికి ఊరంతా ఆరాధనకని కట్టుకునే నల్లబట్టల్లో చర్చికి వచ్చింది. నేను రెండు చిప్పలు పట్టుకుని ముందుకు నడిచాను. ఇతరులను లేపి నిలబెట్టడమే నాకు అలవాటు. పేరు చెప్పాను. కాయ సంగతి చెప్పాను. కువైట్‌లో వంట చేసుకునే ఒక సహోదరి తన కష్టార్జితమంతా మార్కుస్ స్థలంలో పెడుతోందని, అది చూడ్డానికే వచ్చానని చెప్పాను. మార్కుస్ పక్కనే నిలబడి నా మాటలు వాళ్ళ భాషలో చెబుతున్నాడు.

ఓమా తన బల్ల దగ్గరే లేచి నాలుగు మాటలు అంది. నేను మార్కుస్ వైపు తిరిగాను.

“ఏమంటోంది?”

“బ్రదర్...” అతని మెడ వాలిపోయింది. “ఆ స్థలం నాది కాదంటోంది. మా వంశం అందరిదీ. అమ్మడానికి లేదు, బయటివాళ్ళ పేరు దాని మీద ఎక్కదు. పెద్దల్ని ఎవరడిగారు అంటోంది.”

“నిజమేనా?”

“నిజమే. కట్టేశాక ఒప్పుకుంటార్లే అనుకున్నాను.”

అతను మోసగాడు కాదు, తొందరపాటు మనిషి, అచ్చం నాలాగే. చిప్పలు అక్కడే పెట్టి రేవు చివరికి పరుగెత్తాను. ఆ ఊళ్ళో పదిన్నర అంటే కువైట్‌లో తెల్లవారుజాము నాలుగున్నర. ఫోన్ మోగింది, ఎత్తలేదు. మళ్ళీ చేశాను, ఎత్తలేదు. బోటువాడు కేకేస్తున్నా ఎక్కలేదు. పేదవాడి ద్రాక్షతోట మీద కన్నేసిన రాజును ఎన్ని ప్రసంగాల్లో తిట్టాను! ఇప్పుడు నా ఒక్క మాటతో ఒక పేదరాలి పదకొండేళ్ళు పోయేలా ఉన్నాయి. పన్నెండు దాటాక ఎత్తింది.

“లేవగానే ఇన్ని మిస్డ్ కాల్సేంటండీ? ఏమైందండి?”

“పంపకమ్మా! ఆ స్థలం మీద నీ పేరు ఎక్కదు. నేను ఎవర్నీ అడక్కుండానే సరేనన్నాను. తప్పు నాది.”

అవతల నూనె చిటపట, ఆ వెంటనే పొయ్యి కట్టేసిన చప్పుడు వినిపించాయి.

“యోహానాకి నేను చెప్పుకుంటానండి. దానికీ తెలీదు పాపం,” అంది. “అయితే బ్రదర్ గారూ, శుక్రవారం శుక్రవారం మమ్మల్ని నించోబెట్టి తప్పులొప్పిత్తారు కదండీ. ఈసారి మీరు నించోండి. నేను ముందు వరసలో కూకుంటాను.”

కువైట్ చేరాక వచ్చిన శుక్రవారం నిలబడ్డాను. ఆమె ముందు వరసలోనే కూర్చుంది, ఒక్క మాట తప్పకుండా విన్నది. ఏడో ఏట భూమిని బీడుగా వదలమన్న ఆజ్ఞను నేను ఏళ్ళ తరబడి బోధించాను. ఆ ఊళ్ళో ముసలావిడ దగ్గర్నుంచి పసిపిల్లల దాకా దాన్ని కొబ్బరికాయల మీద చేసి చూపిస్తున్నారు. నేనేమో ఒక్క మధ్యాహ్నం దాహం ఆపుకోలేకపోయాను. వాయ్‌సెలా చూడదగ్గ ఊరు, తప్పకుండా వెళ్ళండి. చేపలు తినండి, ఆ నీళ్ళలో ఈదండి, ఇచ్చే అద్దె నేరుగా ఇంటివాళ్ళ చేతిలో పెట్టండి. స్థలం మీద మనసు పడితే మాత్రం ఒక్క పని చేయండి. చూపించినవాడి వెంట చర్చికి వెళ్ళి, ఊరి పెద్దల ముందు అతని చేతే ఆ సంగతి ఎత్తించండి. వాళ్ళ జవాబు మీ చెవులతో విన్నాకే ఇంటికి ఫోన్ చేయండి.