కాదనడానికి వంతులు

మా ఆఫీసులో ఇరవై ఏళ్లుగా తల అడ్డంగా ఊపింది టేబుల్ ఫ్యాన్ ఒక్కటే. మిగతావాళ్లం నిలువుగా ఊపేవాళ్లం. కామాటిపురలో ఒక గల్లీ చివర, పాత చాల్‌లకు, అంటే వరస గదుల అంతస్తుల ఇళ్లకు, మరమ్మతులు చేసే కాంట్రాక్టరు దగ్గర నేను ముకద్దాన్ని. అంటే కూలీలను తెచ్చి, పని చేయించి, ఆ పనంతా నేనే చేసినట్టు చెప్పేవాణ్ని. మా సేట్ కూడా తెలుగువాడే. ఆయన ముత్తాత పాలమూరు నుంచి నడిచి వచ్చాడని ఆయన అంటాడు. మా ముత్తాత అంతకు ముందురోజే వచ్చి ఆయనకు దారి చూపించాడని నేను అంటాను. ఈ బొంబాయిలో మా తాతలు కట్టని గోడ లేదన్న విషయంలో మాత్రం మాకు పేచీ లేదు.

ఒకసారి సేట్‌ను ఎవరో పెద్ద హోటల్లో జరిగే ఒకరోజు శిక్షణకు తీసుకుపోయారు. పొద్దున వెళ్లిన మనిషి సాయంత్రానికి వేరే మనిషై గ్రాంట్ రోడ్ స్టేషన్‌లో దిగాడు. మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పాడు.

“ఇగ నుంచి నేనొక్కణ్ని ఫైసలా చెయ్య. అందరు తలొక తీరుగ ఆలోచించాలె. అందరు ఒక్కటే మాటంటే ఆ మీటింగ్ చెల్లదు.”

“అవును సేట్,” అన్నాం అందరం.

అట్లా మొదటి మీటింగ్ చెల్లలేదు. రెండోదీ చెల్లలేదు. మూడోది ముగిసేసరికి, విరిగిన మెట్టు బాగుచేసే ఫైసలా కోసం ఎదురుచూస్తూ ఒకాయన మూడో అంతస్తులోనే ముసలివాడైపోయాడు. ఇందులో కొంచెం ఎక్కువ చెప్పి ఉంటాను. మెట్టు విరిగిన మాట మాత్రం నిజం.

ఉపాయం చెప్పింది నేనే. చాల్‌లో గదుల ముందు గ్యాలరీ ఊడ్వడానికి ఇంటికొక రోజు వంతు వేసుకుంటారు కదా, అట్లాగే కాదనడానికీ వంతులు వేశాను. సోమవారం సామాన్ల స్టోరు చూసే ఆయన, బుధవారం ఇళ్ల నక్షాలు గీసే మనిషి, శుక్రవారం నేను. వంతు వచ్చినవాడు దేన్నైనా సరే ఒకదాన్ని కాదనాలి. స్టోరు ఆయన మొదటి సోమవారం ఇసుకనే కాదన్నాడు. సేట్ కళ్లు చెమర్చాయి. రిజిస్టర్‌లో ‘వ్యతిరేకం’ అని ఒక గడి గీయించి, అది నిండితేనే సంతకం పెట్టేవాడు. పనులు మళ్లీ మునుపటిలాగే, ఆయన అనుకున్నట్టే, సాగిపోయాయి.

అప్పుడే ఫోరస్ రోడ్ పక్కన నాలుగంతస్తుల చాల్ పని వచ్చింది. పైకప్పు మీద ఒక మూలన పెద్ద నీళ్ల టాంకీ పెట్టాలి. సరిగ్గా ఆ మూల కింద, పై అంతస్తులో ఒక ఖోలీ, అంటే గది, ఖాళీగా ఉంటే, పని అయ్యేదాకా ఉండమని పాలమూరు కూలీలకు ఇచ్చాం. వాళ్లలో సిమెంటు బస్తాలు మోసే ఒకామె ఉంది. ఆమె ఏడు నెలల పాపకు చీర ఉయ్యాల ఆ ఖోలీ మూలనే కట్టింది.

కింది మనిషి మాట కూడా వినాలని హోటల్లో చెప్పారట. బుధవారం మీటింగ్‌కు సేట్ ఆమెను పిలిపించి కుర్చీ వేయించాడు. ఆమె కుర్చీ అంచున కూర్చుంది.

“సేట్, టాంకీ ఆ మూలకు పెట్టకుర్రి. గోడ డొల్లగున్నది. బస్త ఆనిస్తే లోపట ఏందో రాలుతున్న సప్పుడైతుంది. కింద నా పోరి ఉయ్యాలున్నది.”

సేట్ లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. మేమూ కొట్టాం. అందరికన్నా గట్టిగా కొట్టింది నక్షాల మనిషి, ఆ రోజు వంతు ఆయనకు తప్పింది కాబట్టి. నేను గడి నింపాను.

“మరి టాంకీ?” అంది ఆమె.

“అది ఆ మూలకే. మా తాతలు కట్టిన గోడ అది, డొల్లెట్లయితది? నీ మాటయితే రాసుకున్నం.”

“రాసుకుంటె గోడ నిండుతదా సేట్? కట్టినోళ్లు పోయిర్రు. దాని కింద పండేది మేము.”

“చూసిండ్రా, ఎంత ధైర్యంగ మాట్లాడుతుందో,” అని సేట్ మళ్లీ చప్పట్లు కొట్టాడు.

టాంకీ ఎక్కించేది శనివారం పొద్దున. శుక్రవారం ఆమె తన ముఠా పదకొండు మందినీ వెంటబెట్టుకొని ఆఫీసుకు వచ్చింది. పదకొండు మందీ ఆ మూల వద్దే వద్దన్నారు. సేట్ దిగులుగా నుదురు పట్టుకున్నాడు.

“అందరు ఒక్కటే మాటంటిరి. ఇది చెల్లదమ్మా. వ్యతిరేకం ఏది?”

“వ్యతిరేకమే గావాల్నా? అయితే గోడ మంచిగున్నదనేటోళ్లు ఒకరు లేవుర్రి. రేపు టాంకీ నిండేదాక మా ఖోలీల కూసోవాలె. చాయ్ నేనే పోస్త.”

సేట్ స్టోరు ఆయన వైపు చూశాడు. ఆయనకు ఆ క్షణంలోనే మేకులు లెక్కపెట్టాల్సిన అవసరం పడింది. నక్షాల మనిషి పెన్సిల్ చెక్కడం మొదలుపెట్టాడు. సగం పెన్సిల్ అయిపోయినా తల ఎత్తలేదు. సేట్ రిజిస్టర్ తిప్పాడు.

“ఇయ్యాల శుక్రవారం. వంతు నీదే గదరా.”

సముద్రంలో గోడ కట్టిన మా ముత్తాత కథను ఏడు రకాలుగా చెప్పగలిగిన నోరు నాది. ఆ రోజు దానికి ఒక్క రకమే దొరికింది.

“సేట్, ఆమె చెప్పింది ఖరే. గోడ డొల్లనే. సోమవారమే సుత్తితోని కొట్టి చూసిన.”

“సోమవారం చూసినోనివి మరి ఎందుకు చెప్పలే?”

“సోమవారం నా వంతు కాదు గద సేట్.”

ఆఫీసులో ఎవరూ నవ్వలేదు. ఆమె మాత్రం నా వైపు ఒకసారి చూసింది. ఇన్నేళ్లలో నేను చెప్పిన అబద్ధాలకు ఎవరూ నన్ను అట్లా చూడలేదు. ఆ రోజు చెప్పిందేమో నిజం.

అందరం పైకి వెళ్లాం. నాలుగు దెబ్బలకే పెచ్చు ఊడింది. లోపల విరిగిన పెంకులు, సున్నం పొడి, ఒక పాత గోనెపట్టా. సేట్ వంగి ఆ పట్టా అంచు లాగి చూశాడు.

“ఈ దిక్కు మీ తాత కట్టినట్టున్నదిరా.”

“లేదు సేట్, మావోళ్లకు ఆ దినం సెలవు.”

టాంకీని అవతలి వైపుకు, కొత్త ఇనుప దూలాల మీదకి మార్చాలని తేలింది. రిజిస్టర్‌లో ‘సేట్ సూచన మేరకు’ అని రాసింది నేనే. ఆమెకు చదువు రాదు. అయినా ఆ వాక్యం రాస్తున్నంతసేపూ ఆమె నిలబడ్డ గడప వైపు వీపు పెట్టుకొనే కూర్చున్నాను.

సాయంత్రం ఖోలీకి వెళ్లేసరికి ఆమె ఉయ్యాల విప్పుతోంది. పగలగొట్టిన మూల నుంచి ఇంకోచోటికి మార్చాలి.

“నన్నడిగితే ఆ నడిమి దూలానికి కట్టు చెల్లె,” అన్నాను.

“నిన్నడగలే అన్నా. నిచ్చెన పట్టుకో, చాలు.”

ఒక్కో దూలాన్నీ పిడికిలితో కొట్టి, చెవి ఆనించి విన్నది. కిటికీ పక్క దూలానికి చీర కట్టి, దిగి వచ్చి, రెండు చేతులతో దాన్ని పట్టుకొని, కాళ్లు నేల నుంచి లేపి తన బరువంతా వేసి వేలాడింది. ఆ తర్వాతే పాపను అందులో పడుకోబెట్టింది. అప్పటిదాకా నేను నిచ్చెన వదల్లేదు.